కాంక్రీటు బాటపై మూడేళ్ళ పరుగు
ప్రయోగం ఫలించినా బర్మింగ్‌హామ్ గైడెడ్ బస్సు ఎందుకు ఆగింది?

బ్రిటన్‌లో రెండవ పెద్ద నగరమైన బర్మింగ్‌హామ్‌లో 1984లో ఒక కొత్త రకం బస్సు సర్వీసు మొదలైంది. నగర కేంద్రం నుంచి షార్ట్ హీత్ అనే శివారు ప్రాంతానికి వెళ్ళే 65వ నెంబరు రూటులోని రెండంతస్తుల బస్సులు దాదాపు దారి పొడవునా మామూలు రోడ్డుపైనే నడిచేవి. షార్ట్ హీత్ ప్రాంతానికి చేరాక మాత్రం అవి రోడ్డును వదిలి, రెండు వైపులా కాంక్రీటు గట్లు కట్టిన ప్రత్యేక బాటలోకి ప్రవేశించేవి. అక్కడి నుంచి డ్రైవరు స్టీరింగ్ తిప్పవలసిన పని లేదు. రైలు పట్టాలపై సాగినట్లు బస్సు తనంతట తానే ఆ బాటను పట్టుకుని సాగిపోయేది.

ఆ బాట పొడవు 600 మీటర్లు మాత్రమే. దానిపై నడిచే సర్వీసుకు 'ట్రాక్‌లైన్ 65' అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో ఇదే మొట్టమొదటి గైడెడ్ బస్సు సర్వీసు. ప్రయోగం సాంకేతికంగా విజయవంతమైందనే అభిప్రాయం ఏర్పడింది. అయినప్పటికీ ఆ బాట మరో మీటరు కూడా ముందుకు సాగలేదు. 1987లో సర్వీసు మూతపడింది.

విఫలమైన ప్రయోగాన్ని ఆపివేయడం సహజం. ఫలించిన ప్రయోగం ఆగిపోయిందంటే కారణం బస్సులో కాక మరెక్కడో ఉందని అర్థం. ఆ కారణమేమిటో తెలుసుకోవడం బ్రిటిష్ రవాణా చరిత్ర పట్ల ఆసక్తి ఉన్నవారికే కాదు, బస్సులకు ప్రత్యేక దారులు నిర్మించాలా వద్దా అని రెండు దశాబ్దాలుగా తర్జనభర్జన పడుతున్న భారతీయ నగరాలకూ అవసరమే.

ట్రాములు పోయిన చోట

షార్ట్ హీత్‌కు రవాణా చరిత్రలో మరో విశిష్టత ఉంది. బర్మింగ్‌హామ్‌లో ట్రాములు చివరిసారిగా నడిచింది 1953 జూలై 4న. ఆ రోజు మూతపడిన ఆఖరి మూడు రూట్లలో షార్ట్ హీత్ రూటు ఒకటి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మద్రాసు నగరం కూడా ట్రాములకు వీడ్కోలు పలికింది. 1964లో బొంబాయి వంతు వచ్చింది. పెరిగిపోతున్న మోటారు వాహనాల మధ్య ట్రాము పట్టాలు అడ్డుగా ఉన్నాయనీ, బస్సు ఎక్కడికైనా వెళ్ళగలదు కనుక అదే మేలనీ ఆనాటి నగర పాలకులు భావించారు.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆ అభిప్రాయంలోని లోపం బయటపడింది. ట్రాముకు తనదంటూ ఒక దారి ఉండేది. బస్సుకు అది లేదు. కార్ల సంఖ్య పెరిగినకొద్దీ బస్సు కూడా వాటి మధ్యనే చిక్కుకుపోయింది. బస్సు ఆలస్యమైనకొద్దీ ప్రయాణికులు కారు కొనుక్కోసాగారు. కార్లు పెరిగినకొద్దీ బస్సు మరింత ఆలస్యమైంది. 1970లలో తలెత్తిన చమురు సంక్షోభం తరువాత పాశ్చాత్య దేశాల ప్రభుత్వాలు ప్రజారవాణాపై మళ్ళీ దృష్టి సారించాయి. అయితే పట్టాలు, విద్యుత్ తీగలు, ప్రత్యేక బోగీలతో కూడిన రైలు మార్గాలకు అయ్యే ఖర్చు వాటిని భయపెట్టింది. రైలుకున్న ప్రత్యేక దారినీ, బస్సుకున్న స్వేచ్ఛనూ ఒకే వాహనంలో కలపగలమా అన్న ప్రశ్న అప్పుడు ఉదయించింది.

జర్మనీలో తొలి అడుగు

ఈ ప్రశ్నకు తొలి సమాధానం అప్పటి పశ్చిమ జర్మనీ నుంచి వచ్చింది. మెర్సిడెస్ బెంజ్ వాహనాల తయారీదారైన డైమ్లర్ బెంజ్ సంస్థ, జ్యూబ్లిన్ అనే నిర్మాణ సంస్థ కలిసి 'ఓ-బాన్' పేరిట ఒక పద్ధతిని రూపొందించాయి. కేంద్ర పరిశోధన మంత్రిత్వశాఖ చేయూతతో ఎస్సెన్ నగరంలో 1980 సెప్టెంబరులో గైడెడ్ బస్సు మొదలైంది. ఒక పాత ట్రాము మార్గాన్నే ఇందుకోసం మార్చి వేశారు.

ఇందులోని సూత్రం చాలా సరళమైనది. బస్సు ముందు చక్రాలకు ఇరుపక్కలా రెండు చిన్న చక్రాలను అడ్డంగా అమరుస్తారు. వీటికి గట్టి రబ్బరు తొడుగు ఉంటుంది. బస్సు కాంక్రీటు బాటలోకి ప్రవేశించగానే ఈ చిన్న చక్రాలు రెండువైపులా ఉన్న గట్లను ఆనుకుని దొర్లుతాయి. వాటిని మోసే ఇనుప చేయి నేరుగా స్టీరింగ్ యంత్రాంగానికి బిగించి ఉంటుంది. గట్టు ఎటు వంపు తిరిగితే చిన్న చక్రం అటే నెట్టబడుతుంది. దానితోపాటే బస్సు ముందు చక్రాలూ తిరుగుతాయి. డ్రైవరు వేగాన్నీ, బ్రేకునూ చూసుకుంటే చాలు. బాట దాటి రోడ్డెక్కగానే బస్సు తిరిగి మామూలు బస్సు అవుతుంది. ఇందులో కంప్యూటరు లేదు, విద్యుత్ సంకేతం లేదు. ఉన్నదంతా ఒక గట్టు, ఒక చక్రం, ఒక ఇనుప చేయి మాత్రమే.

దీనివల్ల ప్రయోజనాలు కొన్ని ఉన్నాయి. బస్సు ఇటూ అటూ ఊగదు కనుక బాట ఎక్కువ వెడల్పుగా ఉండనక్కరలేదు. సేకరించవలసిన స్థలం తగ్గుతుంది. టైర్ల కింద రెండు సన్నని కాంక్రీటు పలకలు ఉంటే చాలు, మధ్యలో గడ్డి పెంచుకోవచ్చు. బస్సు ప్రతిసారీ ప్లాట్‌ఫారానికి అదే దూరంలో ఆగుతుంది కనుక వృద్ధులు, వికలాంగులు తేలికగా ఎక్కవచ్చు. అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. రోడ్డుపై గీసిన తెల్లగీతను ఏ కారైనా దాటగలదు కానీ కాంక్రీటు గట్టును దాటలేదు. బస్సు దారి బస్సుకే దక్కుతుంది.

ఎస్సెన్ ఇంజనీర్లు అక్కడితో ఆగలేదు. డీజిల్‌తోనూ విద్యుత్తుతోనూ నడవగల బస్సులను తయారుచేయించి, ట్రాములు నడిచే సొరంగంలో కూడా వాటిని నడిపారు. అది నెగ్గుకు రాలేదు. ట్రామునూ బస్సునూ ఒకే సొరంగంలో నడపడంలోని చిక్కుల కారణంగా 1995లో ఆ భాగానికి స్వస్తి చెప్పారు.

పద్నాలుగు మెట్రోబస్సులు

ఎస్సెన్ ఫలితాలను గమనించిన వారిలో బర్మింగ్‌హామ్ పరిసరాల ప్రజారవాణా బాధ్యత వహించే వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్యాసింజర్ ట్రాన్స్‌పోర్ట్ ఎగ్జిక్యూటివ్ ఒకటి. 1968 నాటి రవాణా చట్టం కింద 1969లో ఏర్పడిన ఈ సంస్థ, బర్మింగ్‌హామ్ తదితర పట్టణాల మునిసిపల్ బస్సులన్నిటినీ తన అధీనంలోకి తీసుకుంది. బస్సులూ దానివే. రూట్లను నిర్ణయించేదీ అదే. స్థానిక కౌంటీ కౌన్సిల్ దానికి విధానాన్ని నిర్దేశించేది. అటువంటి సంస్థకు ఒక కొత్త పద్ధతిని ప్రయత్నించి చూడటం, బాగుంటే ఇతర రూట్లకు విస్తరించడం కష్టమైన పని కాదు.

జర్మన్ బస్సుల మాదిరిగా కాక బర్మింగ్‌హామ్ బస్సులు రెండంతస్తులవి. పూర్వం హైదరాబాదులో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులు ఎరిగిన పాఠకులకు వాటి ఎత్తు ఎంతో తెలుసు. అంత ఎత్తయిన వాహనం పక్క చక్రాల ఆధారంతో స్థిరంగా నడుస్తుందా, ప్రయాణికులకు కుదుపు లేకుండా ఉంటుందా అన్నది జర్మనీ ప్రయోగం నుంచి తేలని విషయం. దానిని తేల్చుకోవడానికే బర్మింగ్‌హామ్ తన సొంత వాహనాలను ఎంచుకుంది.

ఆ వాహనాలు ఎం.సి.డబ్ల్యు. కంపెనీ తయారుచేసిన మెట్రోబస్సులు. ఈ కంపెనీ కర్మాగారం బర్మింగ్‌హామ్‌లోనే వాష్‌వుడ్ హీత్‌లో ఉండేది. 1970ల చివరిలో మార్కెట్లోకి వచ్చిన మెట్రోబస్సుకు లండన్ నగరం, వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రధాన కొనుగోలుదారులు. దాని రెండవ నమూనాకు చెందిన 14 బస్సులను ట్రాక్‌లైన్ కోసం ప్రత్యేకించి, పక్క చక్రాలను అమర్చారు. పై అంతస్తు, ఇంజను, సీట్లు అన్నీ మామూలే. బస్సును ట్రాక్‌లైన్ బస్సుగా మార్చింది ఆ చిన్న చక్రాలే. అంటే నగరంలోనే తయారైన బస్సు, నగరానికి అలవాటైన బస్సు, నగర డ్రైవర్లు నడపగల బస్సు. విదేశాల నుంచి తెప్పించవలసిన యంత్రం కానీ, అరుదైన విడిభాగం కానీ లేవు.

600 మీటర్ల బాటతో ప్రయాణ కాలం పెద్దగా తగ్గదని ఎవరికైనా తెలుసు. అది ట్రాఫిక్ రద్దీకి విరుగుడుగా వేసిన బాట కాదు. బస్సు మామూలు రోడ్డు నుంచి బాటలోకి సాఫీగా ప్రవేశిస్తుందా, చలికాలపు మంచులో ఎలా నడుస్తుంది, చిన్న చక్రాలు ఎంతకాలం మన్నుతాయి, డ్రైవర్లు, ప్రయాణికులు దీనికి అలవాటు పడతారా అన్నవి పరీక్షించడానికి వేసినది. రెండు దిశలకూ విడివిడిగా బాట నిర్మించారు. నిత్యం ప్రయాణికులతో నడిచే సర్వీసులోనే పరీక్ష జరిగింది. ఆ పరీక్షలో బస్సు నెగ్గింది.

ఏడాదిలో రెండు దెబ్బలు

ట్రాక్‌లైన్ మొదలైన 1984లోనే లండన్‌లో మరో కథ ప్రారంభమైంది. ఆ సంవత్సరం జూలైలో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం బస్సులపై ఒక శ్వేతపత్రాన్ని విడుదల చేసింది. అప్పటి రవాణా మంత్రి నికొలస్ రిడ్లే. ప్రభుత్వ సంస్థల గుత్తాధిపత్యం వల్ల బస్సు సర్వీసుల ఖర్చు పెరుగుతోందనీ, పోటీని అనుమతిస్తే ఖర్చు తగ్గి సేవలు మెరుగవుతాయనీ దాని సారాంశం. దాని పర్యవసానమే 1985 నాటి రవాణా చట్టం.

ఆ చట్టం 1986 అక్టోబరు 26 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. లండన్, ఉత్తర ఐర్లండ్ మినహా దేశమంతటా బస్సు రూట్లపై నియంత్రణ తొలగిపోయింది. లైసెన్సు ఉన్న ఏ సంస్థ అయినా ముందుగా నోటీసు ఇచ్చి తనకు నచ్చిన రూటులో, నచ్చిన వేళలలో, నచ్చిన ఛార్జీతో బస్సులు నడుపుకోవచ్చు. లాభం రాని రూట్లకు మాత్రం స్థానిక సంస్థలు టెండర్లు పిలిచి సబ్సిడీ ఇవ్వవచ్చు. ఏ రూటులో ఎన్ని బస్సులు తిరగాలో నిర్ణయించే అధికారం మాత్రం వాటికి లేదు. ప్యాసింజర్ ట్రాన్స్‌పోర్ట్ ఎగ్జిక్యూటివ్‌ల బస్సులన్నీ విడి కంపెనీల చేతికి వెళ్ళాయి. వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో అలా ఏర్పడినది వెస్ట్ మిడ్‌లాండ్స్ ట్రావెల్. అది 1991లో ఉద్యోగుల యాజమాన్యంలోకి వెళ్ళి, 1995లో నేషనల్ ఎక్స్‌ప్రెస్ సంస్థలో కలిసిపోయింది.

అదే 1986లో ఏప్రిల్ 1న మరో దెబ్బ తగిలింది. లండన్ మహానగర కౌన్సిల్‌తోపాటు వెస్ట్ మిడ్‌లాండ్స్ సహా ఆరు మెట్రోపాలిటన్ కౌంటీ కౌన్సిళ్ళను ప్రభుత్వం రద్దుచేసింది. రవాణా విధానాన్ని నిర్దేశించే సభ పోయింది. ఆరు నెలల తరువాత బస్సులు నడిపే విభాగం విడిపోయింది. ట్రాక్‌లైన్‌కు తల్లి, తండ్రి అనదగిన వ్యవస్థలు రెండూ ఒకే ఏడాదిలో చెదిరిపోయాయి.

ఈ పరిస్థితిలో ప్రయోగం ఏమి కావాలి? కాంక్రీటు బాటను పొడిగించడానికి ప్రజాధనం కావాలి. కానీ దానిపై ఏ కంపెనీ బస్సులు నడుస్తాయో, ఎన్నాళ్ళు నడుస్తాయో ప్రభుత్వ సంస్థ చెప్పలేదు. కంపెనీ సొంత ఖర్చుతో బాట వేయాలంటే, పక్క రోడ్డు మీద మరో కంపెనీ చౌక బస్సుతో అదే ప్రయాణికులను ఎక్కించుకుపోయే వీలుంది. పోటీలో నెగ్గుకు రావలసిన కంపెనీకి ఏ రూటుకైనా మళ్ళించగలిగిన మామూలు బస్సే కావాలి. ముప్ఫై ఏళ్ళు మన్నే బాట మీద పెట్టుబడి పెట్టాలంటే ముప్ఫై ఏళ్ళు ఆ రూటుకు జవాబుదారీగా ఉండే వారెవరో తెలియాలి. 1986 అక్టోబరు తరువాత బర్మింగ్‌హామ్‌లో అటువంటి వారు లేకుండాపోయారు.

1987లో ట్రాక్‌లైన్ 65 మూతపడింది. 14 మెట్రోబస్సుల పక్క చక్రాలను ఊడదీశారు. ఆ బస్సులు ఇతర బస్సులతో కలిసి మామూలు రూట్లలో తిరిగాయి. వాటిని తయారుచేసిన ఎం.సి.డబ్ల్యు. కంపెనీ కూడా 1989లో బస్సుల తయారీని ఆపివేసింది. నియంత్రణ తొలగిన తరువాతి అనిశ్చితిలో బ్రిటన్‌లో పెద్ద బస్సుల కొనుగోళ్ళు బాగా పడిపోవడం ఆ రంగంలోని కర్మాగారాలన్నిటినీ దెబ్బతీసింది.

అడిలైడ్‌లో మరో ఫలితం

అదే సూత్రం, అవే సంవత్సరాలు, ప్రపంచానికి మరో కొసన పూర్తి భిన్నమైన ఫలితాన్నిచ్చాయి. దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్ ఈశాన్య శివార్లకు ఆధునిక ట్రాము మార్గం వేయాలని 1970ల చివరిలో అక్కడి లేబర్ ప్రభుత్వం తలపెట్టింది. 1979 ఎన్నికలలో గెలిచిన లిబరల్ పార్టీ ముఖ్యమంత్రి డేవిడ్ టాంకిన్ ఆ పథకాన్ని పక్కనపెట్టి, జర్మనీలోని ఓ-బాన్ పద్ధతిని పరిశీలింపజేశారు. దానినే ఎంచుకుని పనులు ప్రారంభించారు. 1982లో ప్రభుత్వం మళ్ళీ మారి లేబర్ నాయకుడు జాన్ బానన్ అధికారంలోకి వచ్చారు. ప్రత్యర్థి పార్టీ ఎంచుకున్న పద్ధతి అయినప్పటికీ ఆయన ప్రభుత్వం దానిని రద్దుచేయలేదు. 1986 మార్చిలో తొలి దశను, 1989 ఆగస్టులో రెండవ దశను పూర్తిచేసింది.

టోరెన్స్ నది లోయ వెంబడి సాగే ఆ మార్గం పొడవు 12 కిలోమీటర్లు. మెత్తటి ఒండ్రునేల కావడంతో భూమిలోకి స్తంభాలు దింపి, వాటిపై కాంక్రీటు స్లీపర్లు పరచి బాట వేశారు. తొలి బస్సులు మెర్సిడెస్ బెంజ్ ఓ305 రకానివి. మామూలు బస్సులతోపాటు మధ్యలో కీలు ఉండి రెండు భాగాలుగా వంగే పొడవాటి బస్సులనూ దింపారు. బాటపై గంటకు 100 కిలోమీటర్ల గరిష్ట వేగంతో నడిపేవారు. ఆ తరువాత 2012లో దానిని 85కు తగ్గించారు. టైరు పగిలినా బస్సు ప్రమాదానికి గురికాకుండా ముందు చక్రాల లోపల మరో అల్యూమినియం చక్రాన్ని అమర్చారు. ఆ బస్సులలో కొన్ని రెండు దశాబ్దాలకు పైగా సేవలందించాయి.

అడిలైడ్ బస్సుల అసలు బలం బాట చివర కనబడుతుంది. దారిలో ఉన్నవి మూడే మూడు ఇంటర్‌చేంజీలు. బాట దిగిన బస్సులు శివారు వీధులలోకి విడిపోయి ఇళ్ళ దగ్గరికి వెళతాయి. రైలు దిగి బస్సు మారే అవసరం ప్రయాణికుడికి ఉండదు. 1990లలో అక్కడ కూడా బస్సులు నడిపే పనిని టెండర్ల ద్వారా ప్రైవేటు సంస్థలకు అప్పగించడం మొదలైంది. అయితే బాట, రూట్లు, వేళలు, ఛార్జీలు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. నడిపే కంపెనీలు మారినా సర్వీసు ఆగలేదు. 2017 డిసెంబరులో నగర కేంద్రానికి చేరువలో కొత్త సొరంగాన్ని కూడా ప్రారంభించారు. ప్రైవేటు సంస్థల ప్రవేశమే బర్మింగ్‌హామ్ ప్రయోగాన్ని ముగించిందని చెప్పడం కనుక సరికాదు. రూటును గురించి ఆలోచించే అధికారం ఎవరికీ లేకుండా చేయడమే దానిని ముగించింది.

మళ్ళీ బ్రిటన్‌లో

బర్మింగ్‌హామ్ తరువాత బ్రిటన్‌లో గైడెడ్ బస్సు 1995లో లీడ్స్, ఇప్స్విచ్ నగరాలలో తిరిగి కనిపించింది. లీడ్స్‌లో స్థానిక కౌన్సిల్ బాట వేసింది. బస్సు కంపెనీ తన ఖర్చుతో కొత్త బస్సులు కొన్నది. చట్టం ఇవ్వని సమన్వయాన్ని ఒప్పందం ద్వారా సాధించుకున్నారన్నమాట. ఎడిన్‌బరోలో 2004 చివరిలో ప్రారంభమైన బాటను అయిదేళ్ళు నిండకముందే, ట్రాము మార్గం నిర్మాణం కోసం 2009లో మూసివేశారు. 2014లో ఆ మార్గంలో ట్రాములు వచ్చాయి.

అన్నింటికంటే పెద్దది కేంబ్రిడ్జ్‌షైర్ గైడెడ్ బస్‌వే. 1970లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయిన ఒక మార్గాన్ని ప్రధానంగా ఆధారం చేసుకుని దీనిని నిర్మించారు. అనుకున్నదానికంటే రెండేళ్ళకు పైగా ఆలస్యంగా 2011 ఆగస్టు 7న ఇది ప్రారంభమైంది. పెరిగిన ఖర్చు గురించి, నిర్మాణ లోపాల గురించి కౌన్సిల్‌కూ కాంట్రాక్టరుకూ మధ్య సుదీర్ఘ వివాదం నడిచింది. ప్రయాణికులు మాత్రం బాగానే ఆదరించారు. అయితే బాట పక్కనే నడిచేవారికి, సైకిళ్ళవారికి తగిన రక్షణ లేకపోవడం విషాదానికి దారితీసింది. బస్సులు ఢీకొని ముగ్గురు మరణించిన ఘటనలకు సంబంధించి 2025లో కౌన్సిల్‌కు న్యాయస్థానం 60 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. డ్రైవరు స్టీరింగ్ తిప్పలేని బస్సు పక్కకు తప్పుకోలేదన్నది ఈ పద్ధతిలోని అతి పెద్ద పరిమితి. రైలు పట్టాల పక్కన పాటించే జాగ్రత్తలే ఇక్కడా అవసరమవుతాయి.

ఆసియాలో ఈ పద్ధతిని చేపట్టిన నగరం జపాన్‌లోని నగోయా. 2001 మార్చిలో ప్రారంభమైన అక్కడి బాట 6.5 కిలోమీటర్ల పొడవునా స్తంభాలపై ఎత్తులో సాగుతుంది. కింద రోడ్డు, పైన బస్సు. జపాన్ చట్టం ఆ ఎత్తు మార్గాన్ని రైలు మార్గంగానే పరిగణిస్తుంది.

మన నగరాలకు పాఠం

మన దేశంలోని నగరాలు పక్క చక్రాల బస్సును కాక, బస్సులకు మాత్రమే కేటాయించిన వరుసలు గల బి.ఆర్.టి. పద్ధతిని చేపట్టాయి. 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునర్నవీకరణ పథకం ఇందుకు నిధులు సమకూర్చింది. వాహనం వేరైనా సమస్య ఒక్కటే. బస్సుకు దారి ఎవరు ఇస్తారు, ఇచ్చిన దారిని ఎవరు కాపాడతారు?

ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల కారిడార్ 2008లో మొదలైంది. రోడ్డు మధ్యలో బస్సులకు వరుస కేటాయించడంతో కార్లవారికి మిగిలిన వరుసలలో రద్దీ పెరిగింది. బస్సుల వరుసలోకి ద్విచక్ర వాహనాలు, కార్లు చొరబడటం నిత్యకృత్యమైంది. కారిడార్‌ను ఎత్తివేయాలన్న పిటిషన్‌ను 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. కోర్టులో నిలిచిన కారిడార్ రాజకీయ నిర్ణయం ముందు నిలవలేదు. 2016 జనవరిలో ప్రభుత్వం దాని తొలగింపు పనులు ప్రారంభించింది.

అహ్మదాబాద్ అనుభవం వేరు. అక్కడ బస్సు మార్గాల కోసమే 'జన్‌మార్గ్' పేరిట ప్రత్యేక సంస్థను ఏర్పాటుచేశారు. 2009 అక్టోబరులో తొలి సర్వీసులు మొదలయ్యాయి. ఆ తరువాత దశలవారీగా మార్గాలు పెరిగాయి. లోపాలు లేవని కాదు. కానీ లోపాలను గురించి ఎవరిని అడగాలో నగరవాసులకు తెలుసు. పొరుగున పాకిస్తాన్‌లోని లాహోర్ నగరం కూడా 2013లో 27 కిలోమీటర్ల మెట్రోబస్ మార్గాన్ని ప్రారంభించి, దాని నిర్వహణను ఒక ప్రత్యేక సంస్థకు అప్పగించింది.

తెలుగు నగరాలలో విజయవాడ, విశాఖపట్నం కూడా ఇదే పథకం కింద బి.ఆర్.టి.ఎస్. మార్గాలు చేపట్టాయి. విజయవాడలో 'బి.ఆర్.టి.ఎస్. రోడ్డు' అంటే చిరునామా చెప్పడానికి అందరికీ పనికివస్తోంది. రోడ్డు వెడల్పయింది, పేరు మిగిలింది. ఏ బస్సుల కోసం ఆ పేరు వచ్చిందో ఆ వేగవంతమైన బస్సు వ్యవస్థ మాత్రం నిలదొక్కుకోలేదు.

కాంక్రీటు గట్టు కారును ఆపగలదు. చట్టాన్ని కానీ, ప్రభుత్వ నిర్ణయాన్ని కానీ ఆపలేదు. బర్మింగ్‌హామ్, అడిలైడ్, ఢిల్లీ, అహ్మదాబాద్ చెబుతున్న విషయం ఒక్కటే. బస్సుకు ప్రత్యేక దారి వేయడం ఇంజనీర్ల పని. ఆ దారికి పదేళ్ళ తరువాత, ఇరవై ఏళ్ళ తరువాత కూడా జవాబుదారీ ఎవరో ముందే తేల్చడం పాలకుల పని. రెండవది లేకుండా మొదటిది చేస్తే, ఎంత బాగా చేసినా అది ప్రయోగంగానే మిగులుతుంది.

బ్రిటన్ ఈ విషయాన్ని ఆలస్యంగానైనా గుర్తించింది. రూట్లు, వేళలు, ఛార్జీలు స్థానిక ప్రభుత్వమే నిర్ణయించి, బస్సులు నడపడానికి మాత్రమే కంపెనీలకు కాంట్రాక్టులిచ్చే విధానాన్ని మాంచెస్టర్ మహానగర ప్రాంతం 2023 సెప్టెంబరులో ప్రారంభించి 2025 జనవరికల్లా పూర్తిచేసింది. వెస్ట్ మిడ్‌లాండ్స్ కూడా అదే బాట పట్టాలని 2025లో నిర్ణయించింది. 1986లో వదులుకున్న అధికారాన్ని తిరిగి చేతిలోకి తీసుకోవాలన్న నిర్ణయానికి రావడానికి బర్మింగ్‌హామ్‌కు దాదాపు 40 ఏళ్ళు పట్టింది. షార్ట్ హీత్‌లో 14 బస్సులకు పక్క చక్రాలు ఊడదీసిన నాటి నుంచి నగరం చెల్లించిన మూల్యం ఆ కాలమే.